మీ దూరం ఎంత?

మా అమ్మమ్మ వాళ్ల మిరప చేలో ఒక మోటబావి ఉండేది. అమరావతికి రెండు మైళ్ల ఇవతల, కృష్ణ ఒడ్డుకు దగ్గర్లో. ఈత నాకు అక్కడే వచ్చింది. మా చిన్న మావయ్య నా వీపుకు జీలుగు బెండ్లు కట్టి, "చేతులు కొట్టరా" అని బావిలోకి తోసేశాడు. నాలుగో రోజుకు ఒక బెండు తీసేశాడు, వారానికి రెండోది తీశాడు. పదో రోజు నేను గట్టెక్కి, నాకు ఈతొచ్చేసిందని ఊరంతా చెప్పుకుని తిరిగాను. ఆ మాట నిజం కాదని తెలియడానికి ముప్పై నాలుగేళ్లు పట్టింది.

నలభై మూడో ఏట షుగరు బయటపడింది. డాక్టరు నడవమన్నాడు. మోకాళ్లు వద్దన్నాయి. సరే, ఈత మనకు వచ్చిన విద్యే కదా అని గుంటూరులో ఒక స్విమ్మింగ్ పూల్‌లో చేరాను. మొదటి రోజు పాతిక మీటర్లు బారలు వేసి అవతలి గోడ పట్టుకునేసరికి గుండె గొంతులోకి వచ్చింది. అక్కడి కోచ్ నా వయసులో సగం ఉంటాడు. గట్టున గొంతుక్కూర్చుని చాలా మర్యాదగా చెప్పాడు: "సార్, మీకు ఈత రాదండి. మునక్కుండా ఉండటం వచ్చు."

కోపం వచ్చింది, దాచుకోను. కానీ తర్వాతి రెండేళ్లలో నేను నేర్చుకున్నదంతా ఆ ఒక్క మాటకు వ్యాఖ్యానమే. మనలో చాలామందికి ఉద్యోగమూ వ్యాపారమూ చదువూ కూడా అలాగే వచ్చు. మునగం. ముందుకూ పోం.

ఆ అబ్బాయి నా తల మీద చెయ్యిపెట్టి నీళ్లలోకి వంచాడు. నేను మునిగిపోతానన్న భయంతో తల ఎత్తి ఈదుతున్నాను. తల లేస్తే నడుము దిగుతుంది, నడుము దిగితే కాళ్లు వేలాడతాయి. ఒళ్లంతా నీటికి అడ్డుగోడలా నిలబడుతుంది. "మీరు ఈదట్లేదండీ, నిచ్చెన ఎక్కుతున్నారు" అన్నాడు. నీరు గాలికన్నా సుమారు 800 రెట్లు చిక్కన. పైగా మనం వేగం రెండింతలు చేస్తే నీరు ఇచ్చే ఎదురు నాలుగింతలవుతుంది. అందుకే ఈతలో బలం పెంచుకుని గెలిచేది కొంతే. అడ్డం తగ్గించుకుని గెలిచేదే ఎక్కువ. తల దించి, కళ్లు నేల వైపు పెట్టి, ఒళ్లు పొడవుగా చాపినప్పుడు పాతిక మీటర్లకు నాకు పట్టే బారలు ముప్పై ఒకటి నుంచి నెల తిరిగేసరికి ఇరవై నాలుగుకు దిగాయి. నా కండలు ఆ నెలలో ఏమీ పెరగలేదు.

రెండో పాఠం ఊపిరి. కొత్తవాళ్లందరూ చేసే తప్పే నేనూ చేశాను. నీళ్లలో ముఖం ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టి, తల పక్కకు తిప్పిన ఆ అరక్షణంలో పాత గాలి వదిలి కొత్త గాలి పీల్చాలని చూశాను. రెండు పనులకూ చాలినంత సమయం ఉండదు. నాలుగు బారలకే ఆయాసం. గాలి అందక వచ్చిన ఆయాసం కాదది, లోపలి గాలి పోక వచ్చింది. ఫ్రీస్టైల్ ఈదేవాడు ముఖం నీళ్లలో ఉండగానే ముక్కుతోనూ నోటితోనూ బుడగలు బుడగలుగా గాలి వదిలేస్తూ ఉంటాడు. తల తిప్పినప్పుడు పీల్చడం ఒక్కటే పని. ఇంట్లో బకెట్లో ముఖం పెట్టి దీన్ని నేర్చుకోవచ్చు. నేను అలాగే నేర్చుకున్నాను. మా అమ్మాయి వీడియో తీసి బంధువులందరికీ పంపింది.

ఇక అసలు విషయానికి వస్తాను.

ఏడాది తిరిగాక నాకు పోటీ పిచ్చి పట్టింది. పెద్దవాళ్ల పోటీలు ఉంటాయని తెలిసి 50 మీటర్ల ఫ్రీస్టైల్‌కు పేరిచ్చాను. ఎందుకు 50? పొట్టిది కాబట్టి సులభమనుకున్నాను. చూసేవాళ్లకు కూడా అదే బాగుంటుంది. చివరి స్థానం వచ్చింది. నా ముందున్న పెద్దాయనకు అరవై దాటాయి. ఇంటికొచ్చి పదిరోజులు పూల్ వైపు పోలేదు. పదకొండో రోజు కోచ్ ఫోన్ చేసి రమ్మన్నాడు. గడియారం పెట్టి 1500 మీటర్లు ఈదించాడు, పాతిక మీటర్ల పూల్‌లో అటూ ఇటూ కలిపి అరవై సార్లు. ప్రతి వంద మీటర్లకూ ఎంత పట్టిందో కాగితం మీద రాశాడు. చివర ఆ కాగితం నా చేతిలో పెట్టాడు. ఆఖరి ఐదు వందల మీటర్లు మొదటి ఐదు వందల కన్నా తొందరగా ఈదాను. "మీ దూరం ఇదండీ సార్. యాభైలో ఏం పని మీకు?" అన్నాడు.

ఈ అధ్యాయం మొత్తం ఆ ప్రశ్న కోసమే రాస్తున్నాను.

ఫ్రీస్టైల్ అంటే పేరుకు ఎలాగైనా ఈదొచ్చు అని. నిబంధన ప్రకారం ఏ తీరైనా సరే. కానీ అన్నిటిలోకీ వేగమైనది బారలు వేస్తూ బోర్లా ఈదే పద్ధతి కాబట్టి అందరూ అదే ఈదుతారు. ఒలింపిక్స్‌లో వ్యక్తిగత ఫ్రీస్టైల్ పోటీలు 50, 100, 200, 400, 800, 1500 మీటర్లకు ఉన్నాయి. ఇవి కాక 2008 బీజింగ్ నుంచి బయటి నీళ్లలో 10 కిలోమీటర్ల ఈత చేరింది. ఆడవాళ్లకు 1500 మీటర్లు, మగవాళ్లకు 800 మీటర్లు టోక్యోలో గానీ రాలేదు. ఇన్ని పోటీలకూ బార ఒక్కటే, కానీ మనుషులు వేరు. 50 మీటర్ల వాడు ఒక్కసారి ఊపిరి తీసుకుంటాడు, కొందరు అదీ తీసుకోరు. కాళ్లు మోటారులా కొడతాడు. 1500 ఈదేవాడు కాళ్లను పొదుపుగా వాడతాడు, రెండు బారలకో మూడు బారలకో ఊపిరి తీస్తాడు, పదో నిమిషంలో ఏం మిగలాలో మొదటి నిమిషంలోనే లెక్క వేసుకుంటాడు.

పారిస్‌లో 2024లో చైనా కుర్రాడు పాన్ జాన్‌లే 100 మీటర్లను 46.40 సెకన్లలో ఈది ప్రపంచ రికార్డు పెట్టాడు. అదే పారిస్‌లో అమెరికా క్రీడాకారిణి కేటీ లెడెకీ 800 మీటర్ల స్వర్ణాన్ని వరుసగా నాలుగో ఒలింపిక్స్‌లో గెలిచింది. మొదటిది 2012 లండన్‌లో, అప్పటికి ఆమెకు పదిహేనేళ్లు. మొత్తం తొమ్మిది ఒలింపిక్ స్వర్ణాలు ఆమెవి. కానీ 100 మీటర్లలో ఆమెకు ఒక్క వ్యక్తిగత ఒలింపిక్ పతకం కూడా లేదు. లేనందుకు ఆమెను ఎవరూ తక్కువ చేయరు. తన దూరం ఏదో ఆమెకు ముందే తెలిసింది, అంతే.

మన తెలుగు నేల మీద దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ గోలి శ్యామల. సామర్లకోటకు చెందినావిడ, హైదరాబాదులో స్థిరపడ్డారు. యానిమేషన్ రంగంలో పనిచేశారు. నీళ్లంటే భయపడేవారు. ఈత మొదలుపెట్టింది నలభై దాటాక. ఆ వయసులో ఎవరైనా ఆవిడకు "సరదాకు ఈదుకోండమ్మా" అనే చెబుతారు. 50 మీటర్లలో పదహారేళ్ల పిల్లలతో ఆవిడ పోటీ పడగలరా? పడలేరు, వాదనే లేదు. అందుకని ఆవిడ గడియారం వదిలేసి దూరం పట్టుకున్నారు. కృష్ణ, హుగ్లీ, గంగ ఈదారు. 2021 మార్చి 19న శ్రీలంకలోని తలైమన్నార్ నుంచి ధనుష్కోటి వరకు సుమారు 30 కిలోమీటర్ల పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషాల్లో దాటారు. బెంగాల్ ఈతగత్తె బులా చౌధురి తర్వాత ఆ జలసంధి దాటిన రెండో మహిళగా పత్రికలు రాశాయి. అక్కడితో ఆగలేదు. 2024 డిసెంబరు చివర్లో విశాఖపట్నంలో సముద్రంలో దిగి, రోజుకు సుమారు 30 కిలోమీటర్ల చొప్పున ఈదుతూ, కొత్త సంవత్సరంలో కాకినాడ తీరం చేరారు. మొత్తం 150 కిలోమీటర్లు. అప్పటికి వయసు 52.

పదమూడున్నర గంటలు ఈదడమంటే ఏమిటో ఒకసారి ఊహించండి. పడవ పక్కనే వస్తుంది, పట్టుకోకూడదు. తిండీ నీళ్లూ పడవలోంచి అందిస్తారు, నీళ్లలో తేలుతూనే తినాలి. అవతలి ఒడ్డు కనపడదు. ప్రవాహం మారితే ఒక గంట ఈదింది వట్టిదైపోవచ్చు. ఇరవై ఏళ్ల ఉడుకు నెత్తురు అక్కడ పెద్దగా అక్కరకు రాదు. కుదురు కావాలి, విసుగును ఓర్చుకునే గుణం కావాలి. ఇవి వయసుతో పెరిగేవే గానీ తరిగేవి కావు. శ్యామల తన బలహీనతను జయించారని చాలామంది రాశారు. నాకు మాత్రం అలా అనిపించదు. తన బలం ఎక్కడ చెల్లుతుందో ఆ నీళ్లు వెతుక్కున్నారు.

విజయవాడ పోలీసు శాఖలో పనిచేసే మోతుకూరి తులసీ చైతన్యది కూడా ఈ దారే. డ్యూటీ చేసుకుంటూనే జలసంధులు ఈదారు, పాక్ జలసంధి కూడా దాటారు. 2024 జనవరిలో రాష్ట్రపతి చేతుల మీదుగా జల సాహస విభాగంలో టెన్జింగ్ నార్గే జాతీయ సాహస పురస్కారం అందుకున్నారు. ప్రకాశం బ్యారేజీ మీదుగా రోజూ తిరిగే మనకు ఆయన పేరు ఎంతమందికి తెలుసు?

పొట్టి దూరం వాళ్ల కథ వేరు. విర్‌ధవల్ ఖాడే అనే మహారాష్ట్ర కుర్రాడు పదిహేడేళ్లు నిండకుండానే 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఫ్రీస్టైల్ ఈదాడు. 2010 ఆసియా క్రీడల్లో 50 మీటర్ల బటర్‌ఫ్లైలో కాంస్యం తెచ్చాడు. తర్వాత తహసీల్దారు ఉద్యోగం వచ్చింది, ఈత వెనకబడింది. మళ్లీ పట్టుబట్టి వచ్చి 2018 జకార్తా ఆసియా క్రీడల్లో 50 మీటర్ల ఫ్రీస్టైల్ ఫైనల్ ఈదాడు. సెకనులో నూరోవంతు తేడాతో కాంస్యం పోయింది, నాలుగో స్థానం. నూరోవంతు అంటే చిటికెలో చిన్నమెత్తు కూడా కాదు. పొట్టి దూరం ఎంచుకున్నవాడు ఇందుకు సిద్ధపడే దిగాలి: ఏళ్ల శ్రమ వేలి గోరంత తేడాలో తేలిపోవచ్చు. ఖాడే మాత్రం 2023లో గోవా జాతీయ క్రీడల్లో 50 మీటర్ల ఫ్రీస్టైల్ స్వర్ణం గెలిచాకే విరమించాడు.

సరే, మీ దూరం మీకెలా తెలుస్తుంది? నా పద్ధతి చెబుతాను. ఇది ఈతకే కాదు, మీరు చేసే ఏ పనికైనా పెట్టి చూడండి. ఒక నోటుపుస్తకం తీసుకోండి. మూడు నెలల పాటు ఏ పని ఎంతసేపు చేశారో, ఏ గంటలో చేతులెత్తేశారో, ఏ గంటలో ఊపు వచ్చిందో రాయండి. "బాగా చేశాను", "బద్ధకించాను" లాంటి మాటలు రాయకండి. కోచ్ కాగితం మీద నా గురించి ఒక్క విశేషణం కూడా రాయలేదు, వందకు ఎంత పట్టిందో రాశాడు. ఈదేవాళ్లు దీన్ని విభజన సమయం అంటారు. నా స్నేహితుడొకాయన పత్తి వ్యాపారంలో ఉన్నాడు. సీజన్లో నలభై రోజులు నిద్ర లేకుండా చిచ్చరపిడుగులా పనిచేస్తాడు, మిగిలిన ఏడాది పనికి రాడు. ఏళ్లపాటు తనను తాను సోమరి అని తిట్టుకున్నాడు. ఆయన 50 మీటర్ల మనిషి. ఏడాది పొడుగునా ఒకే జోరుతో సాగే పని పెట్టుకుంటేనే ఆయనకు నష్టం. ఆయన భార్య టీచరు, పాతికేళ్లుగా సెలవు పెట్టకుండా అదే బడికి వెళ్తోంది. ఆవిడది 1500. ఆ ఇద్దరూ ఒకరినొకరు మార్చాలని చూసిన కాలమంతా వృథా పోయింది. ఇప్పుడు ఒకరి లెక్క ఒకరికి తెలిసింది.

ఒక హెచ్చరిక: మూడు రోజుల్లో మీ దూరం తేలదు. నాకు మొదటి ఏడాదంతా 50 మీటర్లే ముద్దు. ఎందుకంటే అది గొప్పగా కనిపిస్తుంది. మనకు ఏది గొప్పగా కనిపిస్తుందో అదే మన దూరమనుకోవడం చాలా పాత పొరపాటు.

ఇక్కడ తల్లిదండ్రులతో ఒక మాట. మా పూల్‌లో వేసవికి పిల్లలు కిటకిటలాడతారు. ఎనిమిదేళ్ల పిల్లను దించి వారం తిరక్కముందే "మెడల్ ఎప్పుడొస్తుంది సార్" అని అడిగే తండ్రులను చూశాను. ఆ పిల్లల్లో నిజంగా నీళ్ల పిల్లలు ఒకరిద్దరుంటారు. తెల్లవారుజామున ఐదింటికి వచ్చి ఐదారేళ్లు ఈదుతారు. పదో తరగతి దాటగానే మాయమైపోతారు. మన గుంటూరు, విజయవాడ జూనియర్ కాలేజీల సంగతి మీకు నేను చెప్పాలా? దూరపు ఈతకు ఒళ్లు సరిగ్గా పండే వయసులో పిల్లను హాస్టల్ గదిలో కూర్చోబెడతాం. అలా మాయం కాకుండా నిలిచిన వాళ్లూ ఉన్నారు. హైదరాబాదు అమ్మాయి వ్రితి అగర్వాల్ తెలంగాణ తరఫున ఈదుతూ ఎదిగి, 2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో భారత్ తరఫున 4×200 మీటర్ల ఫ్రీస్టైల్ రిలే జట్టులో ఈదింది. చదువు మానిపించమని నేను అనను. ఆ రెండేళ్లూ రోజుకు ఒక గంట నీళ్లు మిగల్చమంటాను. వరసగా పన్నెండు గంటలు కూర్చున్న పిల్లవాడి పన్నెండో గంటకు విలువెంతో విభజన సమయం రాసి చూస్తే తెలుస్తుంది.

మన దేశానికి ఆసియా క్రీడల్లో వచ్చిన మొట్టమొదటి స్వర్ణం ఈతదే. 1951లో ఢిల్లీలో సచిన్ నాగ్ 100 మీటర్ల ఫ్రీస్టైల్ గెలిచాడు. ఈత పందేల్లో ఆ తర్వాత మనకు ఇంకో ఆసియా స్వర్ణం రాలేదు. ఇన్ని నదులు, ఇంత తీరం ఉన్న దేశం!

విశ్రాంతి గురించి కూడా చెప్పి ముగిస్తాను, ఎందుకంటే దీన్ని వ్యక్తిత్వ వికాస పుస్తకాలు చిన్నచూపు చూస్తాయి. పెద్ద పోటీకి రెండు మూడు వారాల ముందు ఈతగాళ్లు సాధన తగ్గిస్తారు. రోజుకు ఈదే దూరం సగానికీ అంతకన్నా తక్కువకూ దించుతారు, వేగం మాత్రం పోనివ్వరు. మొదటిసారి నాకు అది పిచ్చితనంలా తోచింది. పరీక్ష ముందు ఎక్కువ చదవాలి గదా! మా మావయ్యకు చెబితే ఆయన ఆశ్చర్యపోలేదు. "వరి కోతకు ముందు మడిలో నీళ్లు తీసేయమా ఏంటి? పెట్టినన్నాళ్లు పెట్టాం, ఇంక గింజ గట్టిపడాలి" అన్నాడు. ఇంటర్వ్యూకు ముందు రాత్రి, పెళ్లికి ముందు వారం, పెద్ద ఒప్పందానికి ముందు రోజు మీరు కొత్తగా నేర్చుకునేది ఏమీ ఉండదు. నేర్చుకున్నది ఒంట్లో ఇంకనివ్వండి. ఈ మాట నమ్మడానికి నాకు రెండు పోటీలు పట్టింది. మొదటి పోటీ ముందు రాత్రి దొంగతనంగా రెండు కిలోమీటర్లు ఈది, తెల్లారి చేతులు లేవక పరువు తీసుకున్నాను.

ఇప్పుడు నాకు యాభై ఒకటి. వారానికి నాలుగు రోజులు, రోజుకు రెండు కిలోమీటర్లు. షుగరు అదుపులో ఉంది, డాక్టరు మందు తగ్గించాడు. విజయవాడలో కృష్ణను అడ్డంగా కిలోమీటరున్నర ఈదే పోటీలు జరుగుతుంటాయి. అందులో రెండుసార్లు దిగాను. రెండోసారి నా ముందు వచ్చినవాళ్లు చాలామందే, వెనక వచ్చినవాళ్లు కూడా కొందరున్నారు.

ఇది చదివి ఎవరూ అమరావతి రేవులో ఒంటరిగా దిగకండి. ఇది ప్రాధేయపడి చెబుతున్నాను. పోటీలప్పుడు పడవలు, తాళ్లు, గజ ఈతగాళ్లు కాపలా ఉంటారు. మామూలు రోజుల్లో ఎవరూ ఉండరు. ఇసుక తీసిన గుంతలు పైకి కనపడవు. మొలలోతు అనుకున్న చోట రెండో అడుగుకే నిలువు లోతు ఉంటుంది. సాగర్ కాలువలకు నీళ్లు వదిలినప్పుడు లోపలి లాగుడు గట్టు మీద నిలబడితే తెలియదు. ఏటా వేసవి సెలవుల్లో పేపర్లో వచ్చే ఆ వార్తల్లోని పిల్లలు చాలావరకు మునక్కుండా ఉండటం వచ్చినవాళ్లే. మీ ఇంట్లో ఎనిమిదేళ్లు దాటిన పిల్లలుంటే ఈ వేసవికి కోచ్ ఉన్న పూల్‌లో చేర్పించండి. నలభై రోజులు చాలు. వాళ్లతోపాటు మీరూ దిగండి. మొదట బకెట్లో ముఖం పెట్టి బుడగలు వదలడం నేర్చుకోండి, ఎవరు వీడియో తీసినా సరే.